వలస ఊళ్ళు, సాయంకాలం బళ్ళు

విశాఖపట్నం నుంచి విజయనగరం వైపు హైవే మీద వెళ్ళేటప్పుడు బోర్డులు ఎప్పుడైనా గమనించారా? ఆనందపురం దాటాక సంగివలస, తర్వాత తగరపువలస, దాన్ని ఆనుకునే చిట్టివలస. ఇంకా పైకి వెళ్తే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ "వలస"లు లెక్కపెట్టలేం. ఎక్కడినుంచో వచ్చి ఒకచోట ఇళ్ళేసుకున్న జనం ఊరికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు అది. అంటే వలస అన్న మాట మనకి టీవీ చర్చల్లోంచి వచ్చింది కాదు, ఊరి పేరులోనే ఉంది.

వచ్చినవాళ్ళ పేరు ఊళ్ళకి మిగిలింది. వెళ్ళినవాళ్ళ సంగతి? ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళని అడగండి, "రంగం ఎల్లిపోనాడు" అన్న మాట ఇంకా కొందరి నోట వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. తగరపువలసకి పక్కనే ఉన్న భీమునిపట్నంలోనూ, కళింగపట్నంలోనూ స్టీమర్లు ఆగి, జనాన్ని ఎక్కించుకుని బర్మా వెళ్ళేవి. రేవుల్లో బస్తాలు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో పనికి మనవాళ్ళు వేలకి వేలు వెళ్ళారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సుమారు 4 లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా భారతీయులే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు ఎంతోమంది కాలినడకన వెనక్కి వచ్చారు. 1960ల్లో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక మరికొంతమంది వచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే.

రంగం దగ్గర కాబట్టి కొందరు తిరిగొచ్చారు. అంతకంటే చాలా దూరం వెళ్ళినవాళ్ళు ఉన్నారు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నటాల్, మలయా. వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ రాలేదు. అయినా పేర్లు చూస్తే పట్టేసుకోవచ్చు. డర్బన్‌లో "అప్పలసామి", "అప్పల్‌రాజు" అనే ఇంటిపేర్లున్నాయి. మారిషస్‌లో "సీమాద్రి" ఉంది. సింహాచలం అప్పన్న తెలిసినవాళ్ళకి ఇంతకన్నా అడ్రసు చెప్పక్కర్లేదు. అక్కడి గుమస్తా వాళ్ళ ఒంటి పేరునే ఇంటిపేరుగా రాసేసుకున్నాడు, అంతే.

ప్రవాసాంధ్రుల మీద వ్యాసాలు మనకి తక్కువేం లేవు. ఎవరు మంత్రి అయ్యారు, ఎవరు ఎంత సంపాదించారు అన్న లిస్టులే వాటిలో ఎక్కువ. నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న వేరే ఉంది. ఆ కూలీల పిల్లలు ఎక్కడ చదువుకున్నారు? పగటి బడి వాళ్ళని పట్టించుకోనప్పుడు వాళ్ళు ఏం చేశారు? ఈ టపా ఆ బడుల గురించి.

ముందు మారిషస్. అక్కడికి ఒప్పంద కూలీలు వెళ్ళడం 1834లో మొదలైంది. 20వ శతాబ్దం మొదటి దాకా నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్ళారని లెక్క. వాళ్ళు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాళ్ళలో తెలుగువాళ్ళు కొద్దిమందే, ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడే బీహారీలు. తోట యజమానులది ఫ్రెంచి, ప్రభుత్వానిది ఇంగ్లీషు, వీధిలో క్రియోల్, పక్క కొట్టంలో భోజ్‌పురి. వీటన్నిటి మధ్య ఓ తెలుగు కుర్రాడు. ఇంట్లో అమ్మ మాట్లాడే భాషకి గడప దాటితే చెల్లుబాటు లేదు. చెరుకు తోటలో చిన్నప్పట్నుంచే పనికి పోయే పిల్లలకి బడి అన్నది ఊళ్ళో మరెవరికో ఉన్న సౌకర్యం.

అప్పుడు పుట్టిందే "బైఠకా". తోటల్లో కూలీల ఇళ్ళ మధ్య ఓ పాక. పని అయ్యాక, చీకటి పడే వేళకి జనం అక్కడ చేరేవారు. తగువులు తీర్చుకోవడం అక్కడే, భజన అక్కడే, పెళ్ళి మాటలు అక్కడే, పిల్లలకి అక్షరాలు దిద్దించడమూ అక్కడే. భోజ్‌పురి వాళ్ళు హిందీ నేర్పితే, తెలుగువాళ్ళు తమ రామమందిరాల్లో తెలుగు నేర్పారు. మేష్టారంటే ట్రైనింగ్ అయినవాడు అనుకోకండి. కాస్త చదవడం, రాయడం వచ్చిన మరో కూలీ, అంతే. జీతం లేదు, సిలబస్ లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే కమ్యూనిటీ హాలు, గుడి, ట్యూషన్ సెంటరు మూడూ ఒకే పాకలో నడిచాయన్నమాట.

ఇదంతా "సంస్కృతి పరిరక్షణ" అని మనం ఒక్క ముక్కలో తేల్చేస్తాం. సభల్లో అలాగే అంటారు, దండలేస్తారు. కానీ 1940ల్లో జరిగింది చూస్తే ఆ పాకల అసలు బలం ఏమిటో తెలుస్తుంది.

మారిషస్‌లో అప్పటిదాకా ఓటు ఆస్తి ఉన్నవాళ్ళకే. దేశం మొత్తం మీద ఓటర్లు 12 వేల లోపు. 1947లో వచ్చిన కొత్త రాజ్యాంగ ఉత్తర్వు ఓ మార్పు తెచ్చింది. ఆడా మగా తేడా లేకుండా, చిన్న చిన్న వాక్యాలు చదవడం రాయడం, సంతకం పెట్టడం వచ్చినవాళ్ళకి ఓటు ఇస్తామంది. ఏ భాషలో? ఇంగ్లీషు, ఫ్రెంచి మాత్రమే అనలేదు. ఆ భాషల జాబితాలో హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, గుజరాతీతో పాటు తెలుగు కూడా ఉంది.

ఇక చూడండి. బాస్‌దేవ్ బిసూన్‌దయాళ్ అనే ఆయన "జన ఆందోళన్" పేరుతో అప్పటికే ఊరూరా తిరుగుతున్నాడు. ఆయన వెనకున్న వాలంటీర్లు ఊళ్ళల్లో రాత్రి బడులు పెట్టి, పెద్దవాళ్ళ చేత కూడా అక్షరాలు దిద్దించారు. పగలంతా చెరుకు కొట్టిన చేతులు రాత్రి పలక పట్టాయి. 1948 ఎన్నికల నాటికి ఓటర్ల సంఖ్య 70 వేలు దాటింది. అంతకు ముందున్న దానికి దాదాపు ఆరు రెట్లు. ఆ ఎన్నికల్లో భారతీయ సంతతి వాళ్ళు పెద్ద సంఖ్యలో గెలిచారు. అక్కణ్ణించి 1968 మార్చి 12న స్వాతంత్ర్యం దాకా నడిచిన కథ అందరికీ తెలిసిందే.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. అ ఆ ఇ ఈ లు అమ్మమ్మ జ్ఞాపకం కోసం మాత్రమే నేర్చుకుని ఉంటే అవి ఆ పాకలోనే ఆగిపోయేవి. ఆ అక్షరాలకి బయట ప్రపంచంలో ఓ పని దొరికింది. ఓటు వచ్చింది. తెలుగులో సంతకం పెట్టగలిగిన కూలీ, ఫ్రెంచి వచ్చిన తోట యజమాని, ఇద్దరి ఓటూ ఒకటే అయింది.

తర్వాత కూడా అక్కడివాళ్ళు ఈ దారే పట్టారు. పాకలో నేర్పేదాన్ని ప్రభుత్వ బడి లోపలికి తీసుకెళ్ళారు. 1970లో భారత ప్రభుత్వ సహకారంతో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, అందులో తెలుగు శాఖ ఉంది. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛిక సబ్జెక్టు అయింది. ఆ మీదట అసలు గొడవ మొదలైంది. ఆరో తరగతి చివర్లో ఉండే పరీక్షలో వచ్చే ర్యాంకుని బట్టి మంచి హైస్కూళ్ళలో సీటు వచ్చేది. హిందీ, తమిళం, తెలుగు లాంటి భాషల మార్కులు ఆ ర్యాంకులో కలపాలా వద్దా? కలిపితే ఆ భాషలు తీసుకోని పిల్లలకి అన్యాయం అని కొందరు, కలపకపోతే ఆ భాషలని ఎవరూ సీరియస్‌గా చదవరని కొందరు. ఎంసెట్ ర్యాంకు గొడవలు చూసిన మనకి ఈ బాధ విడమర్చి చెప్పాలా? :) ఆ కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1998లో తేలింది. మార్కులు కలపడం రాజ్యాంగ విరుద్ధం కాదని వాళ్ళు తీర్పిచ్చారు. నిజంగానే మార్కులు కలపడం 2004లో మొదలైంది.

మారిషస్ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇవాళ మాట్లాడేది చాలావరకు క్రియోలే. ఇది దాచాల్సిన పని లేదు. అయినా ఉగాదికి దేశమంతా సెలవు. బడిలో తెలుగు టీచరు ఉద్యోగం ఉంది, పుస్తకం ఉంది, పరీక్ష ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయంటే ఆ పునాది మీదే.

ఇప్పుడు నటాల్. 1860 నవంబరు 16న "ట్రూరో" అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు అక్కడికి వెళ్ళారు. మద్రాసు నుంచి ఎక్కినవాళ్ళలో విశాఖ, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు ఉన్నారు. అక్కడ పరిస్థితి ఇంకా ఘోరం. తెల్లవాళ్ళ బడిలోకి భారతీయ పిల్లలకి ప్రవేశం లేదు. వాళ్ళ కోసం ప్రభుత్వం కట్టిన బడులు చాలవు. దాంతో సంఘాలవాళ్ళు చందాలెత్తి బడి కట్టుకుంటే, ప్రభుత్వం జీతాలకి సాయం చేసేది. ఒక్కో పెన్నీ దాచుకున్న కూలీ కుటుంబాలు కట్టిన బడులవి. పగలు అక్కడ ఇంగ్లీషు చదువు, ఆ తర్వాత సొంత భాష. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడి ఈ తెలుగు తరగతులకి, పాటల పోటీలకి గొడుగు పట్టింది.

జాతి వివక్ష ప్రభుత్వం ఉన్న 1980ల్లో భారతీయుల బడుల్లో భారతీయ భాషలకి చోటు దొరికింది. వివక్ష ఉన్న రోజుల్లో దొరికిన చోటు, 1994లో స్వేచ్ఛ వచ్చాక క్రమంగా తగ్గిపోయింది. ఎందుకంటారా? బడులన్నీ అందరివీ అయ్యాయి, అది కావలసిందే. కానీ అందరి బడిలో కొద్దిమంది భాషకి టీచరుని ఎవరు పెడతారు? పిల్లలు కూడా జులూనో ఆఫ్రికాన్స్‌నో తీసుకుంటే పనికొస్తుంది అనుకున్నారు.

ఇందులో ఓ తమాషా ఉంది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం 6వ సెక్షన్ తీసి చూడండి. ఆదరించి గౌరవించాల్సిన భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూతో పాటు మన భాష పేరు కూడా ఉంది, స్పెల్లింగు మాత్రం "టెలెగు" అని. ఆ ప్రపంచ ప్రఖ్యాత రాజ్యాంగంలో మన పేరు ఉన్నందుకు గర్వపడొచ్చు. కానీ పేరు ఎక్కడం వేరు, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి తరగతి గదిలో టీచరు నిలబడటం వేరు. ఇవాళ అక్కడ తెలుగు ఎక్కువగా గుళ్ళల్లో, భజనల్లో, పోటీల్లో ఉంది. చాలామంది పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ పదిలంగా ఉంది, రిస్టోర్ చేసేవాళ్ళు తగ్గిపోయారు.

మలయా సంగతి మరోలా ఉంది. అక్కడ రబ్బరు, కొబ్బరి తోటలకి వెళ్ళినవాళ్ళలో ఉత్తరాంధ్ర వాళ్ళు చాలామంది. పేరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు గుంపులుగా ఉండేవి. బడి వయసు పిల్లలు పదిమంది ఉంటే తోట యజమాని బడి పెట్టాలని అక్కడి కార్మిక చట్టం చెప్పింది. ఆ పుణ్యమా అని కొన్ని తోటల్లో తెలుగు బడులు నడిచాయి. కానీ భారతీయుల్లో అత్యధికులు తమిళులు. ప్రభుత్వం దృష్టిలో భారతీయుల బడి అంటే తమిళ బడి. తెలుగు పిల్లలు మైనారిటీలో మైనారిటీ. తోటలు చేతులు మారి, జనం పట్నాలకి చెదిరిపోయేకొద్దీ తెలుగు బడులు పోయాయి. పిల్లలు తమిళ బడిలోనో మలయ్ బడిలోనో చేరారు. 1955లో మొదలైన ఆంధ్ర సంఘం, ఇప్పటి మలేషియా తెలుగు సంఘం, మళ్ళీ సాయంకాలం తరగతుల దారే పట్టాల్సొచ్చింది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగినా, మూతపడ్డ తోట బడులు తిరిగి తెరుచుకోలేదు.

మూడు దేశాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. మూడు చోట్లా వెళ్ళినవాళ్ళు ఒకే రకం మనుషులు. దాదాపు ఒకే జిల్లాల వాళ్ళు. భాష మీద ప్రేమ ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అనుకోవడానికి లేదు. తేడా అంతా సాయంకాలం బడిలో నేర్చుకున్నదానికి పగలు విలువ దొరికిందా లేదా అన్న దాంట్లో ఉంది. మారిషస్‌లో దొరికింది, ముందు ఓటుగా, తర్వాత మార్కులుగా, ఉద్యోగాలుగా. దక్షిణాఫ్రికాలో కొన్నాళ్ళు దొరికి జారిపోయింది. మలేషియాలో సరిగ్గా దొరకనేలేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. "భాషని మార్కుల కోసం, ఉద్యోగం కోసం నేర్చుకోవాలా? ప్రేమతో నేర్చుకోవద్దా?" అని. ప్రేమ ఉండాలి, కాదనను. కానీ ప్రేమ పెద్దవాళ్ళది, హోంవర్కు పిల్లాడిది. తన తోటి పిల్లలంతా ఆడుకుంటుంటే వాడొక్కడే వెళ్ళి కూర్చోవాలంటే, నేర్చుకున్నదానికి బయట ఎక్కడో ఓ గుర్తింపు ఉండాలి. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి ఈ సూత్రం పట్టుకుంది. వారాంతపు తరగతులు, వాటికి తెలుగు విశ్వవిద్యాలయం పరీక్షలు, సర్టిఫికెట్లు, కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో హైస్కూలు క్రెడిట్లు కూడా. పాతకాలం కూలీల బైఠకా, ఇప్పటి ఐటీ వాళ్ళ మనబడి ఒకే పని చేస్తున్నాయి. కార్లు, జీతాలు మారాయంతే.

ఇక్కడితో ఆపేస్తే ఇదీ ఓ గర్వం టపా అయిపోతుంది. అసలు ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకా ఉంది. అక్కడ మనం మైనారిటీ. ఇక్కడ, ఈ వలస ఊళ్ళ చుట్టూ, మైనారిటీ ఎవరు? వాళ్ళ పిల్లలకి మన పగటి బడి ఎలా ఉంది?

ఈ ప్రశ్న నూరేళ్ళ కిందటే అడిగినాయన మనవాడే, గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. ఆయన పుట్టినరోజున మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, వ్యావహారిక భాష కోసం పోరాడాడని చెప్పుకుంటాం. ఆయన చేసిన ఇంకో పని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. పర్లాకిమిడిలో టీచరుగా ఉండగా చుట్టుపక్కల కొండల్లోని సవరలని చూశాడు. వాళ్ళ పిల్లలకి తెలుగులోనో ఒడియాలోనో చదువు చెబితే, నటాల్‌లో మన పిల్లలకి ఇంగ్లీషులో చెప్పినట్టే. అందుకని ముందు తను సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు తయారు చేశాడు. సవర కుర్రాళ్ళకి టీచర్లుగా తర్ఫీదు ఇచ్చి, సొంత డబ్బు పెట్టి బడులు నడిపాడు. 1913లో ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదిచ్చింది. 1931లో ఆయన సవర వ్యాకరణ గ్రంథం అచ్చయింది. తెలుగు పండితులతో గ్రాంథికం మీద యుద్ధం చేస్తూనే ఇదంతా చేశాడు. రెండు పనుల వెనకా ఆలోచన ఒకటే: పిల్లాడు ఇంట్లో మాట్లాడే భాష బడిలోకి రావాలి.

తర్వాత? ఆయన సొంత డబ్బుతో నడిపిన బడులకి మారిషస్ బైఠకాలకి పట్టిన అదృష్టం పట్టలేదు. ఆ ఆలోచనని ప్రభుత్వం పెద్ద ఎత్తున చేపట్టడానికి 2004 దాకా పట్టింది. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కోయ, గోండి లాంటి 8 భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టారు. 240 బడులతో మొదలైంది. మన వృత్తికి దగ్గరి విషయం ఒకటి: సవర భాషకి 1936లో మంగయి గొమాంగో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. మంచిదే. కానీ రాజ్యాంగంలో "టెలెగు" అని ఎక్కడం లాంటిదే ఇదీ. కోడ్ పాయింట్లు బడి నడపవు.

కొండల దాకా వెళ్ళక్కర్లేదు. ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి కుటుంబాలతో సహా వచ్చే కూలీలు ఉన్నారు. సీజన్ అంతా పిల్లలు బట్టీ దగ్గరే. హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా టీచర్లతో బడులు నడిపిన ప్రయత్నాలు ఉన్నాయి. అలాంటిది చూసి, "ఇక్కడికొచ్చాక తెలుగు నేర్చుకోవచ్చుగా" అనేవాళ్ళు మన ఆఫీసుల్లోనే దొరుకుతారు. నటాల్ తోట యజమాని ఇంగ్లీషు గురించి ఇంచుమించు ఇలాగే అని ఉంటాడు. ఆ పిల్లలు తెలుగు నేర్చుకుంటారు, పక్క పిల్లలతో ఆడుకుంటూ నెలలో నేర్చేసుకుంటారు. అడగాల్సింది అది కాదు. సీజన్ అయ్యాక తిరిగి ఊరెళ్తే అక్కడి బడి వాళ్ళని ఏ తరగతిలో కూర్చోబెడుతుంది? బట్టీ దగ్గర నేర్చుకున్నదానికి అక్కడ విలువ ఉంటుందా? మారిషస్ పాఠం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. పలకలు, బిస్కెట్లు పంచి ఫోటో దిగడం సులువే. ఆ పిల్లాడి హాజరు, మార్కులు రెండు రాష్ట్రాల మధ్య చెల్లుబాటయ్యేలా చూడటం కష్టం. కానీ బడి నిలబడేది ఆ రెండోదాని మీదే.

మనలో చాలామంది ఆఫీసు వాలంటీరింగ్ పేరుతో ఏడాదికోసారి ఏదో ఓ బడికి వెళ్తూనే ఉంటాం. కంప్యూటర్లు ఇస్తాం, గోడలకి రంగులేస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అదనంగా అడిగి రండి. ఈ తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలు ఎంతమంది, వాళ్ళ భాష వచ్చిన టీచరు ఎవరైనా ఉన్నారా అని. జవాబు బట్టి చెయ్యాల్సిన పని దానంతటదే కనిపిస్తుంది. ఓ భాష వచ్చిన వాలంటీరుని వెతకడం, ఓ పుస్తకం అచ్చు వేయించడం, రికార్డులు సరిగ్గా బదిలీ అయ్యేలా ఓ చిన్న సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడం. చివరిది మనకి చేతకాని పనేం కాదు కదా.

రంగం నుంచో, మారిషస్ నుంచో, మలయా నుంచో మీ ఇళ్ళల్లో పాత ఉత్తరాలు, అక్కడ చదివిన తెలుగు వాచకాలు ఏమైనా మిగిలి ఉంటే పారెయ్యకండి. స్కాన్ చేసి పెట్టండి. ఆ సాయంకాలం బడుల చరిత్ర రాయడానికి మనకి మిగిలిన ఆధారాలు అవే.